పెద్ద బొంతులను సముద్రంలోనే ఉండనివ్వండి: మత్స్యశాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ కమిషనర్ గారికి,

నమస్కారాలు.

నేను కోనసీమ తీరంలో పుట్టి పెరిగినవాడిని. బల్లెం వేట చేస్తాను. ఊపిరి బిగబట్టి మునిగి, చేపను కంటితో చూసి, రబ్బరు పట్టీల బలంతో దూసుకుపోయే బల్లెంతో కొట్టే వేట ఇది. మా దగ్గర గోదావరి మట్టి కలిసిన సముద్రంలో చాచిన చెయ్యి కనిపించదు. అందుకే నీరు తేటపడిన రోజులు చూసుకుని విశాఖ, భీమిలి వైపు రాతి తీరాలకు వెళతాను. అక్కడ బండల కింద నేను వెతికేది ఒకే చేప కోసం. దాన్ని బయటివాళ్ళు గ్రూపర్ అంటారు. మన తీరంలో బొంతు అన్న పేరు పాతది. పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలను 1803లో అచ్చు వేయించినప్పుడే ఆ పేరు అందులో చేరింది.

మిమ్మల్ని అడగదలచుకున్నది ముందే చెబుతాను. బొంతు జాతి చేపలకు కనీస పరిమాణంతో పాటు గరిష్ఠ పరిమాణం కూడా నిర్ణయించండి. బాగా చిన్నదాన్ని పట్టకూడదని చెబితే సరిపోదు. బాగా పెద్దదాన్ని కూడా పట్టకూడదు, అమ్మకూడదు, కొనకూడదు. ఈ నియమాన్ని మొట్టమొదట నాలాంటి బల్లెం వేటగాళ్ళ మీద పెట్టండి. ఎందుకు మా మీదే ముందు అంటున్నానో చెప్పాలంటే ఈ చేప సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

గోదావరి జిల్లాలలో చేప గురించి మాట్లాడటం మొదలుపెడితే పులస దగ్గర ఆగుతాం. ఆ తరువాత పండుగప్ప, చందువ, వంజరం. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న ఊళ్ళు మనవి. కచిడి చేప వలలో పడితే దాని పొట్టలోని గాలితిత్తి కోసం లక్షల ధర పలికిందని పేపర్లలో ఫొటోలు వస్తాయి. బొంతుకు అలాంటి పేరు లేదు. అది రేవులో దిగుతుంది, మంచు పెట్టెలలోకి వెళుతుంది, ఎక్కువ భాగం మన ఊరు దాటి పోతుంది. పులస తగ్గిపోతోందంటే అందరూ బాధపడతారు. బొంతు తగ్గితే అడిగేవాడు లేడు. అది నాకు బాధ కలిగించే విషయం, ఈ లేఖ రాయడానికి మొదటి కారణం కూడా అదే.

నీటిలో మనిషి నీడ పడగానే మిగిలిన చేపలు చెదిరిపోతాయి. వంజరమైతే కనిపించినట్టే కనిపించి మాయమవుతుంది. బొంతు అలా కాదు. తన బండ సందు వాకిట్లో నిలబడి, కళ్ళు తిప్పి మనల్ని పరిశీలిస్తుంది. ఒంటి మీద మచ్చలు మన కళ్ళ ముందే ముదురుతాయి, పాలిపోతాయి. కాస్త వెనక్కి జరిగి, మళ్ళీ ముందుకు వస్తుంది. బెదిరిందంటే లోపలికి పోయి మొప్పల మూతలు, రెక్కలు విప్పి రాతికి బిగుసుకుపోతుంది. అప్పుడు దాన్ని లాగడం ఎవరి వల్లా కాదు. వేటాడేటప్పుడు తరిమి పట్టదు. కదలకుండా మాటు వేసి, పెద్ద నోరు ఒక్కసారిగా తెరుస్తుంది. ఆ ఊపుకు నీటితో పాటు పీతో చేపో లోపలికి వెళ్ళిపోతుంది. ఎర్ర సముద్రంలో ఒక గ్రూపర్ జాతి మీద 2006లో వెలువడిన పరిశోధనలో ఇంకా ఆశ్చర్యమైన సంగతి ఉంది. ఆ చేప రాతి కన్నంలో ఉన్న మోరే ఈల్ అనే పాములాంటి చేప దగ్గరకు వెళ్ళి తల ఊపి, కలిసి వేటకు రమ్మని పిలుస్తుంది. సందులలోకి దూరగలిగేది ఈల్, బయట కాపు కాసేది గ్రూపర్.

ఒకే బండ కింద ఒకే బొంతును ఏడాది తరువాత మళ్ళీ చూశాను. పెదవి మీద పాత గాలపు గాటు ఉంది, దాన్ని బట్టి పోల్చుకున్నాను. చోటు మార్చకపోవడం, మనిషిని చూసి పారిపోకుండా నిలబడటం, ఈ రెండూ దాని స్వభావం. ఈ రెండూ కలిసే దాని ప్రాణం తీస్తాయి. ఏ బండ కింద ఏ చేప ఉందో తెలిసినవాడికి దాన్ని చంపడం పెద్ద విద్య కాదు. తీరానికి దగ్గరగా ఉన్న బండల మీద బల్లెం వేట పెరిగితే మొట్టమొదట ఖాళీ అయ్యేది బొంతు గూడే.

ఇక అసలు విషయం. గ్రూపర్లలో చాలా జాతులు ఆడవిగా యుక్తవయసుకు వస్తాయి. కొన్నేళ్ళు గుడ్లు పెట్టాక, పెరిగి పెద్దవయ్యాక, వాటిలో కొన్ని మగవిగా మారతాయి. మన తీరంలో, మన ఏటి మొగల్లో కనిపించే నారింజ చుక్కల బొంతునే తీసుకోండి. శాస్త్రజ్ఞులు దాన్ని ఎపినెఫెలస్ కోయోయిడెస్ అంటారు. ఆడచేప రెండు మూడేళ్ళ వయసులో, 25 నుంచి 30 సెంటీమీటర్ల పొడవులో గుడ్లకు సిద్ధమవుతుంది. మగదిగా మారేది 55 నుంచి 75 సెంటీమీటర్ల మధ్య. అంటే రేవులో తూకం దగ్గర అందరూ చుట్టూ చేరి ఫొటో తీసుకునే పెద్ద చేపలలో ఎక్కువ భాగం మగవి, లేదంటే మగవి కాబోతున్నవి. పెద్దవాటిని ఏరి ఏరి తీసేస్తే మిగిలేది ఆడచేపల గుంపు. మగచేపలు పోయిన చోట మిగిలిన ఆడవాటిలో పెద్దది మారుతుంది, నిజమే. కానీ దానికి సమయం కావాలి. మనం ఆ సమయం ఇవ్వకుండా ఆ తరువాతి పెద్దదాన్ని కూడా తీసుకుంటే, అది మగదిగా ఒక్క ఋతువు కూడా గడపదు. మారడం చిన్న సైజులోనే మొదలైతే, గుడ్లు ఎక్కువగా పెట్టే పెద్ద ఆడచేపలు లేకుండా పోతాయి. పెద్ద ఆడచేప పెట్టే గుడ్లు బరువుకు తగినంత మాత్రమే కాదు, అంతకంటే ఎక్కువ ఉంటాయి. ఎటు చూసినా పెద్ద చేపే ఆ జాతికి ఆధారం.

మన దగ్గర చేపల సంరక్షణ అంటే చిన్న చేపను వదలడం, వల కన్ను పెద్దది చేయడం, రెండు నెలలు వేట ఆపడం. ఇవన్నీ అవసరమే. కేరళ 58 జాతులకు కనీస పరిమాణం నిర్ణయించి అమలు చేసిన పద్ధతి నాకు చాలా నచ్చింది. కానీ కవళ్ళు, కానాగంతలు లాంటి చేపలకు సరిపోయే సూత్రం బొంతుకు సగమే పనిచేస్తుంది. అవి తొందరగా పెరిగి, తొందరగా గుడ్లు పెట్టి, తొందరగా పోతాయి. బొంతు ఇరవై ఏళ్ళకు పైగా బతకగలదు. గ్రూపర్లు గుడ్లు పెట్టే కాలంలో ఎక్కడెక్కడి నుంచో వచ్చి కొన్ని నిర్దిష్టమైన చోట్ల, నిర్దిష్టమైన రోజులలో గుమిగూడతాయి. పూర్వం ఆ చోట్లు కొందరు పెద్ద మత్స్యకారులకే తెలిసేవి. గుడి గోపురాన్ని, లైట్‌హౌసును ఒక వరుసలో చూసుకుని ఆ బండను పట్టుకునేవారు. ఆ గుర్తులను కొడుక్కి తప్ప చెప్పేవారు కాదు. ఇప్పుడు జీపీఎస్ ఉన్న ప్రతి పడవకూ ఆ చోటు అంకెలలో దొరుకుతుంది.

అలాంటి చోటు ఖాళీ అయితే ఏమవుతుందో కరీబియన్ సముద్రం చూపించింది. అక్కడ నాసో గ్రూపర్ గుమిగూడే చోట్లను దశాబ్దాల పాటు తోడేశారు, చాలా గుంపులు పూర్తిగా అంతరించాయి. కేమన్ దీవులలో 2003లో మిగిలిన గుంపుల దగ్గర వేట నిషేధించారు. దాదాపు పదిహేనేళ్ళలో లిటిల్ కేమన్ దగ్గర చేపల సంఖ్య మూడు రెట్లు దాటింది. ఫలితం వచ్చింది, కానీ ఎంత ఓపిక పట్టాల్సి వచ్చిందో కూడా గమనించండి. అమెరికాలో గోలియత్ గ్రూపర్ వేటను 1990లో ఆపితే, ఫ్లోరిడాలో తిరిగి కొద్దిపాటి అనుమతి ఇచ్చింది 2023లో. ఫ్రాన్సు మధ్యధరా తీరంలో 1993 నుంచి గ్రూపర్‌ను బల్లెంతో కొట్టడం నిషిద్ధం. అక్కడి పోర్ క్రో జాతీయ పార్కు నీళ్ళలో అవి మళ్ళీ పెద్దవిగా, ధైర్యంగా తిరుగుతున్నాయి. ప్రపంచంలోని 163 గ్రూపర్ జాతులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో 20 జాతులు అంతరించే ముప్పులో ఉన్నాయని తేల్చారు. నారింజ చుక్కల బొంతు పరిస్థితి అంత దాకా రాలేదు. రాకముందే చేస్తే పని తేలిక, ఖర్చు తక్కువ.

పెద్దదాన్ని వదలాలన్న ఆలోచన మన చట్టానికి కొత్తది కాదు. గ్రూపర్లలో అన్నిటికంటే పెద్దదైన జెయింట్ గ్రూపర్ 2.7 మీటర్ల దాకా, 400 కిలోల దాకా పెరుగుతుంది. దాన్ని 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే వేటాడకూడని జంతువుల పట్టికలో, చేర్చారు. తిమింగలపు సొరను చేర్చిన ఏడాదే అది. తిమింగలపు సొర వలలో పడితే వల కోసి వదిలిన మత్స్యకారులను మనం మెచ్చుకుంటున్నాం. జెయింట్ గ్రూపర్ గురించి ఆ మాట రేవులలో వినపడదు. పిల్లగా ఉన్నప్పుడు పసుపు, నలుపు మచ్చలతో, పెద్దయ్యాక బూడిద కలిసిన గోధుమ రంగు మరకలతో, గుండ్రటి తోకతో ఉంటుంది. కాకినాడ, అంతర్వేది, నరసాపురం రేవులలో తూకం వేసేచోట దాని బొమ్మతో తెలుగులో ఒక బోర్డు పెట్టించండి. ఇంత చిన్న పనికి కొత్త చట్టం అక్కర్లేదు.

కానీ 55, 60, 70 సెంటీమీటర్ల బొంతుకు ఏ రక్షణా లేదు. ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం 1994 నుంచి మీ చేతిలో ఉంది. దాని కిందే నియమాలు తీసుకురావచ్చు. నారింజ చుక్కల బొంతుకు 35 నుంచి 60 సెంటీమీటర్ల మధ్య మాత్రమే వేట అనుమతించమని నా మనవి. ఒక్కసారైనా గుడ్లు పెట్టిన తరువాతే వేటకు దొరకాలి. మగదయ్యే వయసుకు వచ్చాక ఇక దాన్ని ఎవరూ ముట్టకూడదు. అంకెలు అటూ ఇటూ చేయాల్సి వస్తే విశాఖపట్నంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు నిర్ణయించనివ్వండి. ఈ చేపను హేచరీలో గుడ్లు పెట్టించి పిల్లలు తీసిన చోటు అదే. వాళ్ళకంటే దీని పుట్టుపూర్వోత్తరాలు తెలిసినవాళ్ళు మన తీరంలో లేరు.

ముందు మా మీద పెట్టమన్నాను కదా, కారణం ఇది. వల వేసినవాడు ఏం పడుతుందో ఎంచుకోలేడు. గాలం వేసినవాడు కూడా చేప పైకి వచ్చాకే చూస్తాడు. మేం చేపను ముందు చూస్తాం, తరువాత మీట నొక్కుతాం. మా వేటలో పొరపాటున పడిన చేప అనేది లేదు. బల్లెం దిగిన చేపను తిరిగి వదలడం కూడా లేదు, కాబట్టి వదలాలన్న నిర్ణయం ముందే జరగాలి. నీళ్ళలో కళ్ళకు పెట్టుకునే అద్దం లోంచి చూస్తే ఏ వస్తువైనా ఉన్నదానికంటే మూడో వంతు పెద్దగా కనిపిస్తుంది. కొత్తవాళ్ళు ఇక్కడ తికమకపడతారు. బల్లెం వదిలే తుపాకీ పిడి నుంచి కొలిచి 35 దగ్గర, 60 దగ్గర రెండు గీతలు గీసుకుంటే కొలబద్ద చేతిలోనే ఉంటుంది, చేపతో పాటు అది కూడా అంతే పెద్దగా కనిపిస్తుంది. నేను అలాగే చేస్తాను. ఇదే సందర్భంలో మరో రెండు నియమాలు కూడా తీసుకురండి. సిలిండరు, కంప్రెసర్ గొట్టం పెట్టుకుని బల్లెం వేట చేయకూడదు. ఇటలీ, స్పెయిన్ లాంటి దేశాలలో ఇది ఎప్పటినుంచో నిషిద్ధం. రాత్రి దీపంతో బల్లెం వేట కూడా ఆపాలి. రాత్రి సందులో కదలకుండా పడుకున్న చేపను దీపం వేసి పొడవడాన్ని నేను వేట అనలేను. ఊపిరి బిగబట్టి దిగేవాడికి లోతూ సమయమూ వాటంతట అవే హద్దు పెడతాయి. గొట్టం ఉంటే ఆ హద్దు పోతుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల నిషేధం మరపడవల మీద ఉంది. ఒడ్డు నుంచి ఈదుకుంటూ వెళ్ళే బల్లెం వేటగాడు ఆ నిషేధం కిందికి రాడు. అతణ్ణి కూడా తీసుకురండి. నా తోటివాళ్ళు కొందరు దీనికి నొచ్చుకోవచ్చు. సరదా కోసం వెళ్ళే మనం, పొట్ట కోసం వెళ్ళేవాళ్ళు ఒడ్డున కూర్చున్న రోజులలో నీళ్ళలో దిగడం నాకు న్యాయంగా తోచదు.

గాలం వేసే మత్స్యకారులకు ఈ నియమం అంత తేలిక కాదు, ఆ సంగతి దాచను. లోతులోంచి లాగిన బొంతుకు గాలితిత్తి ఉబ్బిపోతుంది. కళ్ళు బయటికి వస్తాయి, కడుపు నోట్లోకి పొడుచుకు వస్తుంది. దాన్ని నీటి మీద వదిలితే వెల్లకిలా తేలుతూ చస్తుంది. పెద్దదాన్ని వదలమని చట్టం రాసి ఊరుకుంటే, చచ్చిన చేపను సముద్రంలో పారేయించినట్టే అవుతుంది. దానికి మార్గం ఉంది. చేప దవడకు బరువు కట్టిన క్లిప్పు తగిలించి తిరిగి లోతుకు దించితే, ఒత్తిడికి గాలితిత్తి కుంచించుకుని చాలా చేపలు బతుకుతాయి. మెక్సికో సింధుశాఖలోని అమెరికా నీళ్ళలో రీఫ్ చేపల, అంటే నీటి అడుగు బండల దగ్గర ఉండే చేపల, వేటకు వెళ్ళే పడవలలో ఈ సాధనం గానీ, గాలి తీసే సూది గానీ ఉండాలని 2022లో నియమం అమలులోకి తెచ్చారు. ఆ క్లిప్పు మన ఊళ్ళో కమ్మరి కూడా చేయగలిగినంత సాధారణమైన వస్తువు. అది మీ శాఖ నుంచి ఉచితంగా ఇవ్వండి, వాడటం నేర్పండి, ఆ తరువాతే వాళ్ళ మీద నియమం పెట్టండి. వదిలిన ప్రతి పెద్ద బొంతు వాళ్ళకు ఆ రోజు సంపాదనలో కోత. గాలం పడవల వాళ్ళతో రేవులోనే కూర్చుని, దానికి ఏం చేయగలరో మాట్లాడండి. ఆ బండల సంగతి నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. గుడ్ల కాలంలో బొంతులు ఎక్కడ గుమిగూడతాయో చెప్పగలిగిందీ వాళ్ళే. ఆ చోట్లను ఆ కొద్ది రోజులు మూసివేయాలంటే ముందు వాళ్ళ నమ్మకం కావాలి.

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద తీర రాష్ట్రాలలో కృత్రిమ రీఫ్‌లు వేస్తూ వచ్చారు. మంచి పనే. సిమెంటు దిమ్మ దించగానే అక్కడికి చేరే చేపలలో బొంతు ఉంటుంది. కానీ చుట్టుపక్కల చెదిరి ఉన్న చేపలను ఒకచోట చేర్చి, అక్కడ నియమం లేకుండా వదిలేస్తే, వాటిని పట్టేయడం మరింత సులువవుతుంది. రీఫ్ వేసిన ప్రతి చోటా పెద్ద చేపను వదలాలన్న నియమం మొదటి రోజు నుంచే ఉండాలి.

గోదావరి డెల్టాలో ఉంటూ రాతి తీరాల చేప గురించి ఎందుకింత రాస్తున్నావని కొందరు అడుగుతారు. బొంతు బాల్యం మన దగ్గరే గడుస్తుంది. నారింజ చుక్కల బొంతు, మలబార్ బొంతు పిల్లలు ఏటి మొగల్లో, మడ అడవుల కాలువల్లో, వేళ్ళ మధ్య పెరిగి, తరువాత బయట బండలకు పోతాయి. కోరింగ అభయారణ్యం 1978లో ఏర్పడింది. 235 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ మడ, భైరవపాలెం వైపు పాయలు, హోప్ ఐలాండ్ లోపలి కాకినాడ అఖాతం ఇలాంటి పిల్ల చేపల పెంపకానికే పుట్టినట్టున్న నీళ్ళు. పోటు వచ్చినప్పుడు తెల్లమడ వేళ్ళ మధ్య నీళ్ళలో అరచేతి పొడవు బొంతు పిల్లలు నేను చూశాను. అప్పటికే ఒంటరిగా, ఒక్కొక్కటీ తన వేరును తాను కాపలా కాస్తూ ఉంటాయి. ఆ కాలువల్లో దోమతెర లాంటి వలలు అడ్డం కట్టి రొయ్య పిల్లల కోసం వడకట్టినప్పుడు వాటితో పాటు ఇవి కూడా పోతాయి. గట్టు మీద పారబోసిన చెత్త చేపలలో వీటిని గుర్తుపట్టేవారు తక్కువ. మడను చెరువుగా మార్చినప్పుడు పోయేది చెట్లు మాత్రమే అనుకుంటాం. పంజరాలలో, చెరువులలో బొంతును పెంచాలనుకునే రైతులకు హేచరీ పిల్లలనే ఇప్పించండి. కాలువల్లో పట్టిన పిల్లలను కొనడం ఆపించండి.

వచ్చే ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలయ్యేలోపు ఈ విషయం మీద కాకినాడలో ఒక సమావేశం పెట్టండి. గాలం పడవల వాళ్ళను, సోనా బోట్లనే పెద్ద మరపడవల యజమానులను, ఎగుమతిదారులను, విశాఖ శాస్త్రజ్ఞులను, అటవీశాఖ వారిని, మా బల్లెం వేటగాళ్ళను పిలవండి. నేను గీతలు గీసిన తుపాకీ తీసుకుని వస్తాను, బరువు క్లిప్పు నమూనా కూడా చేయించి తెస్తాను. రేవులో పెట్టవలసిన బోర్డు బొమ్మ వేయడానికి మా ఊరి బడిలో డ్రాయింగు చెప్పిన మాస్టారు ఇప్పటికే ఒప్పుకున్నారు. అది వేయడానికి మీ శాఖ అనుమతి, జెయింట్ గ్రూపర్ సరైన కొలతలు మాత్రమే కావాలి.

ఇట్లు,
కోనసీమ తీరానికి చెందిన ఒక బల్లెం వేటగాడు